వయసు సవరణ

పంకా ఆగింది. అంటే కరెంటు పోయింది, అంటే కౌంటరు వెనక కూర్చున్న సయామ కంప్యూటరు వదిలేసి పెద్ద రిజిస్టరు తెరిచి చేత్తో రాసుకోవాలి, అంటే మా వంతు ఇంకో అరగంట వెనక్కి జరిగినట్టే. సయామ అంటే పంతులమ్మ, కానీ బర్మాలో, ఈ యాంగోన్‌లో కుర్చీలో కూర్చుని కాగితం మీద ముద్ర వేసే ఆడమనిషి ఎవరైనా సయామే. బుగ్గలకి పూసుకున్న చెక్కగంధం ఎండిపోయి, చెమటకి గీతలు పడుతుంటే ఆవిడ చేతిరుమాలుతో అద్దుకుంటోంది. నా చేతిలో పదిహేనో నంబరు చీటీ. నడుస్తున్నది పదకొండు. నాకేం విసుగు లేదు. పదిహేడేళ్ళు మోసిన అబద్ధాన్ని దించుకోవడానికి వచ్చినవాడు అరగంటకి విసుక్కుంటే బాగోదు. అబద్ధం మరీ పెద్దదేం కాదు, మూడేళ్ళది. కాగితాల మీద నాకు ముప్పై నాలుగు. నిజానికి ముప్పై ఏడు. ఇన్నాళ్ళూ ఆ కాగితమే నాకు అన్నం పెట్టింది, ఇప్పుడు అదే దారికి అడ్డంగా పడుకుంది. ఈ మధ్య ముప్పై అయిదు దాటని మగవాళ్ళకి బయటి దేశాల పనికి వెళ్ళే కాగితాలు ఇవ్వడం లేదు, పటాలంలోకి పట్టుకుపోయే వయసు అదే, అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా అనరు. జపాన్‌లో ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టు నన్ను పిలిచింది. ఈ నెలాఖరులోగా రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని మర్యాదగానే రాసింది. కాబట్టి ఇవాళ నేను నిజం చెప్పాలి. నిజం చెప్తే లాభం కూడా వచ్చే రోజు ఒకటి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పక్కన అమ్మ. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో ఇంట్లో ఎవరెప్పుడు పుట్టారో సర్కారు రాసిచ్చిన ఇంటి జాబితా, నా పాస్‌పోర్టు నకలు, మా పేట రాజమోహన్ మాస్టారు బర్మా భాషలో రాసిపెట్టిన అర్జీ. పుట్టిన కాగితం ఎప్పుడో వరదనీళ్ళలో పోయింది, అందుకని తల్లి వచ్చి ఫలానా ఏడు కన్నానని చెప్పి సంతకం పెట్టాలన్నారు. అమ్మకి సంతకం వచ్చు. చిన్నమ్మి అని తెలుగులో మూడు అక్షరాలు, గుడులు కాస్త పెద్దవి. వారం కిందట ఈ సంగతి చెప్పినప్పుడు కూర చెయ్యడం ఆపి నా మొహంలోకి చూసింది, తర్వాత మళ్ళీ గరిటె తిప్పింది. ఇవాళ పొద్దున్న మా పజుండౌంగ్ సందులోంచి సైకిలు రిక్షా ఎక్కేటప్పుడు, "ఇయ్యాల ఒద్దురా, ఇంకో రోజు ఎల్దుం," అంది. ఎందుకని అడిగాను. రిక్షా మలుపు తిరిగాక, "సంతకం కాడ నాను అబద్దం సెప్పలేనురా," అంది. నాకు నవ్వొచ్చింది. "అబద్దం ఎవులు సెప్పమన్నారమ్మా, నిజమే సెప్పు," అన్నాను. ఇప్పుడు పక్కన కూర్చుని సంచి పిడిని వేలికి చుడుతుంది, విప్పుతుంది. ఆఫీసంటే భయం అనుకున్నాను. మా వాళ్ళందరికీ ఆఫీసంటే భయమే. ఓడల్లోంచి మూటలు దించిన తాత దగ్గర్నుంచి అందరూ ముద్ర వేసే మనిషిని చూస్తే చెప్పులు బయట విప్పేసేవాళ్ళే.

నా వయసు నాకు చెప్పింది మామ్మ, నాన్న తల్లి. గొడవలు జరిగిన ఏడు పుట్టావురా నువ్వు అనేది. బయట తుపాకులు పేలుతుంటే మంత్రసాని రానంటే, తనే బొడ్డు కోసిందట. అంటే జనం సర్కారు మీద తిరగబడిన ఎనభై ఎనిమిది, అందులో సందేహం లేదు, ఆ ఏడు ఎవరికీ రెండు రకాలుగా గుర్తుండదు. నాన్న మాత్రం ఇంటి జాబితాలో తొంభై ఒకటి అని రాయించాడు. బడి కోసం వయసు తగ్గించి రాయించడం మా పేటలో కొత్త కాదు, సగం మంది పిల్లలు కాగితం మీద ఆలస్యంగా పుట్టినవాళ్ళే. నాన్నని అడిగితే, "ఉన్నదే రాయించినాను, మామ్మతో వాదించకు," అనేవాడు. నాన్న మాట నేను నమ్మలేదు. ఇంట్లో మామ్మ మాటే చెల్లేది. ఆమె లెక్క ప్రకారం నేను అన్నిటికీ ఆలస్యమే. నాలుగేళ్ళకి నడిచాను. అయిదేళ్ళకి అత్త అని పలికాను. పాలపళ్ళు తొమ్మిదేళ్ళు దాటేదాకా ఊడలేదు. పద్ధెనిమిదేళ్ళు వచ్చినా మీసం మొలవలేదు. ఎవరైనా ఇంటికొస్తే మామ్మ ఇవన్నీ వరసగా చెప్పి, "నిదానమోడు, అయినా గట్టోడు, ఎక్కడికీ పోడు," అని నా నెత్తి మీద చెయ్యేసి గట్టిగా నొక్కేది. ఆ నొక్కుడికి మెడ నొప్పి పుట్టేది. నేను మందబుద్ధినని చాలాకాలం నేనే నమ్మాను. బళ్ళో నాకంటే మూడేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చున్నానని, అందుకే లెక్కల్లో ఫస్టు వచ్చానని అనుకునేవాణ్ణి, ఆ ఫస్టు కూడా నాకు ఆనందం ఇవ్వలేదు.

పన్నెండో నంబరు. టోపీ చేత్తో పట్టుకున్న ఒకాయన లేచాడు, ఆయన పాదాల దగ్గర కిళ్ళీ ఉమ్మిన మరక పాతది. బేస్‌బాల్‌లో నేను పిచ్చర్‌ని. అంటే మధ్యలో చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, బ్యాటు పట్టుకున్నవాడు కొట్టలేకుండా బంతి విసిరేవాణ్ణి. మామ్మకి ఈ ఆట ఎంత చెప్పినా ఎక్కలేదు, "దిబ్బ మీద నిలబడ్డానికి జీతం ఇత్తారా?" అని అడిగేది. విసరడం మాత్రం ఆట వల్ల రాలేదు, నాన్న వల్ల వచ్చింది. పజుండౌంగ్ కాలవలో సరుకు లాంచి మీద పనిచేసేవాడు నాన్న. లాంచి రేవుకి దగ్గరవుతుంటే, చివర బరువుముడి వేసిన సన్నతాడు గట్టు మీది మనిషికి అందేలా విసరాలి. పైనుంచి విసిరితే గాలి తీసుకుపోతుంది. నడుము పక్కకి వంచి, చెయ్యి మోకాలి దాకా దించి, నీళ్ళని రాసుకుపోయేట్టు విసరాలి. సెలవుల్లో లాంచి ఎక్కి నేనూ అదే విసిరేవాణ్ణి. తర్వాత మింగళాడోన్ వైపు ఒక ఖాళీ మైదానంలో మొరితా అనే జపాన్ ఆయన పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలకి బేస్‌బాల్ నేర్పుతున్నాడని, బూట్లు కూడా ఇస్తాడని తెలిసి వెళ్ళాను. బూట్ల కోసమే వెళ్ళాను. బంతి చేతికిస్తే తాడు విసిరినట్టు విసిరాను. అది నేలబారుగా వెళ్ళి, బ్యాటు దగ్గర ఇంకా కిందికి జారింది. ఆయన ఇంకోటి, ఇంకోటి అని ముప్పై విసిరించి, వయసెంత అని అడిగాడు. కాగితం చూపించాను. పదిహేడు. ఆయన "వకై, వకై," అన్నాడు. జపాన్ భాషలో చిన్నవాడు అని దానికి అర్థం. చిన్నవాడు కాదు, ఇరవై, అని నా లోపల ఒకడు అంటున్నాడు, పైకి మాత్రం తల ఊపాను. ఆ ఊపుతో మొదలైంది.

ఆ రోజు జట్టులో ఒక్క చోటే మిగిలింది. నేనూ, మింగళ తౌంగ్‌న్యున్ నుంచి వచ్చిన రాంబాబూ పోటీ పడ్డాం. అతనూ మనవాడే, నిజంగా పదిహేడేళ్ళవాడు, నాకంటే వేగంగా విసిరేవాడు. మొరితా నన్ను తీసుకున్నాడు. రాంబాబు సైకిలెక్కుతూ, "బాగా ఏసినావు బావా," అన్నాడు, ఏ బావా కాకపోయినా. అతనికిప్పుడు స్టేషను దగ్గర సెల్‌ఫోన్ల కొట్టుంది. పదిహేడేళ్ళలో నేను ఆ రోడ్డు మీదుగా ఒక్కసారి కూడా వెళ్ళలేదు, స్టేషనుకి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి వెళ్తాను. దొంగతనం చేసినవాడు ఆ ఇంటి ముందునుంచి నడవడు కదా.

నాలుగేళ్ళకి మొరితా ఉత్తరం రాసి నన్ను జపాన్ పంపాడు. పెద్ద లీగు కాదు. దక్షిణాన ఒక దీవి మీద నాలుగు ఊళ్ళ జట్లు ఆడుకునే చిన్న లీగు, నారింజ తోటల మధ్య మైదానం, చూడ్డానికి మూడు వందల మంది, అందులో సగం ముసలివాళ్ళు. లింగరాజు అనే నా పేరు వాళ్ళకి నోరు తిరగలేదు. ఇక్కడ బర్మావాళ్ళకి కో లిన్, అక్కడ రిన్ సాన్, కో అన్నా సాన్ అన్నా మర్యాదకే. చొక్కా మీద రిన్ అని కుట్టారు. మొదటి ఏడు బాగానే గడిచింది, నా తాడు విసురుకి అలవాటు పడేసరికి వాళ్ళకి ఆరు నెలలు పట్టింది. రెండో ఏడు అలవాటు పడిపోయారు. మేనేజరు పిలిచి, టీ పోసి, నీకింకా ఇరవై రెండే, నేర్చుకోవడానికి బోలెడంత సమయం ఉంది, వేరే జట్టులో ప్రయత్నించు అన్నాడు. నేను వంగి దణ్ణం పెట్టాను. లోపల మాత్రం, ఇరవై రెండు కాదు బాబూ, ఇరవై అయిదు, నేర్చుకునేది అయిపోయింది, ఇంక ఉన్నదింతే అనుకున్నాను. నన్ను తీసేసినవాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాలేదు, అదో వింత. మిగతా కుర్రాళ్ళు గదిలో తలుపేసుకుని ఏడిచేవాళ్ళు, గోడలు గుద్దేవాళ్ళు, నేను బట్టలు మడతపెట్టుకునేవాణ్ణి. దొరికినన్నాళ్ళు ఎక్కువే అనుకునేవాణ్ణి. చూసేవాళ్ళు రిన్ సాన్‌ది గొప్ప నిబ్బరం అనేవారు. నిబ్బరం కాదు, పట్టుబడలేదన్న తెరిపి.

తర్వాత ఉత్తరాన మంచు పడే ఊరు. అక్కడే మోచెయ్యి పోయింది. ఏప్రిల్‌లో, మైదానం అంచుల్లో మంచు ఇంకా కుప్పలుగా ఉంది, అయిదో బంతికి లోపల ఏదో పుటుక్కున తెగినట్టయింది, బయటికి చప్పుడేం రాలేదు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు, ఇదిగో ఈ నరం, మణికట్టులోంచి ఇంకోటి తీసి ఇక్కడ కడతాం, ఏడాదిన్నర పడుతుంది, తర్వాత కొత్త చెయ్యే. జట్టు యజమాని బియ్యపు మిల్లు ఉన్న ముసలాయన, ఆసుపత్రికే వచ్చాడు. "నేను ఆగుతాను. నీకు ఇరవై నాలుగు. ఏడాదిన్నర ఆగితే ఇరవై ఆరవుతుంది, ఇరవై ఆరు అంటే పిచ్చర్‌కి అప్పుడే పొద్దు పొడిచినట్టు," అన్నాడు. ఆ రాత్రంతా కాదు, ఆ క్షణంలోనే లెక్క వేశాను. ఇరవై ఏడు. ఏడాదిన్నర పోతే ఇరవై తొమ్మిది. ముప్పైకి దగ్గరపడ్డ చేతికి కొత్త నరం కట్టడం ఆయన మంచితనాన్ని మోసం చెయ్యడమే. వద్దన్నాను. కారణం అడిగితే కత్తి అంటే భయమన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. నేను చేసిన పనులన్నిటిలో అదొక్కటే నిజాయితీగా చేశానని చాలాకాలం అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. మోచేతికి పట్టీ వేసుకుని, వేగం సగానికి తగ్గించి, ఒడుపుతో నెట్టుకొచ్చాను. ఆ తర్వాతంతా కూలి బతుకే. బ్యాంకాక్‌లో ఒక కంపెనీ జట్టు, మనీలాలో రెండు, తైవాన్‌లో పొద్దున్న లారీ తోలి సాయంత్రం పిచ్చర్ పని. మొరితా జట్టుతో కలిపి మొత్తం ఏడు జట్లు. ఏడు రకాల టోపీలు. ఏ ఊళ్ళోనూ రెండు చలికాలాలు చూడలేదు, చలికాలం ఉన్న ఊళ్ళల్లో. కరోనా వచ్చాక ఇంటికొచ్చేశాను. ఇప్పుడు మింగళాడోన్ దగ్గర బట్టల ఫ్యాక్టరీ గోదాములో పెట్టెలకి చీటీలు అంటిస్తున్నాను.

పద్నాలుగో నంబరు. కరెంటు వచ్చింది, పంకా మూడు చుట్లు తిరిగి మళ్ళీ ఆగింది, బల్లల మీద అందరూ నవ్వారు, సయామ కూడా నవ్వింది, అమ్మ నవ్వలేదు. ఇప్పుడు పిలిచిన పని పిచ్చర్ పని కూడా కాదు, దాని తమ్ముడు. బ్యాటింగ్ పిచ్చర్ అంటారు. ఆట మొదలయ్యే ముందు, ముందొక వల కట్టుకుని, సొంత జట్టు బ్యాటర్లకే రోజుకి రెండు వందల బంతులు వెయ్యాలి. వాళ్ళు కొట్టలేకుండా కాదు, చక్కగా కొట్టేలా. ఒకడికి లోపలి వైపు, ఒకడికి మోకాలెత్తులో, అడిగినచోట అడిగినట్టు. ఎంత బాగా కొట్టించుకుంటే అంత మంచి పనివాడు. నవ్వుకుంటారేమో గానీ ఈ పని తలచుకుంటే నాకు నోరూరుతోంది. వేగం అక్కర్లేదు, కొత్త చెయ్యి అక్కర్లేదు, వయసుతో పని లేదు, యాభై ఏళ్ళవాళ్ళు కూడా చేస్తారు. గోదాములో చీటీలు అంటించేటప్పుడు కూడా నా వేళ్ళు బంతి కుట్టు కోసం వెతుక్కుంటాయి. నాకు ఇది కావాలి. ఇంత గట్టిగా నాకేదీ కావాలనిపించలేదు, మొదటిసారి మైదానానికి వెళ్ళినప్పుడు బూట్లు తప్ప. పైగా ఈసారి ముప్పై ఏడని రాసి వెళ్తాను. నా వయసుతో నేను ఒక విమానం ఎక్కుతాను.

పదిహేను అన్నారు. అమ్మ లేవలేదు. చెయ్యి పట్టుకుని లేపాను. కౌంటరు ముందు ఒకటే కుర్చీ, అందులో కూర్చోబెట్టాను. సయామ అర్జీ పైనుంచి కిందికి వేలితో చదివింది, ఇంటి జాబితా తిప్పి చూసింది, నన్ను చూసింది. తర్వాత అమ్మని అమేజీ అని, మనం పెద్దమ్మా అన్నట్టు, పిలిచి, బర్మా భాషలో నెమ్మదిగా, చెవిటివాళ్ళని అడిగినట్టు, "అమేజీ, మీ అబ్బాయి ఏ సంవత్సరం పుట్టాడు?" అంది.

అమ్మ కూడా బర్మా భాషలోనే అంది.

"ఏ అబ్బాయి?"

సయామ నా వైపు చూసింది. అమ్మకి ప్రశ్న అర్థం కాలేదనుకుని తెలుగులో, "నాను అమ్మా, నా గురించి అడుగుతున్నారు, నానొక్కడినే గదా," అన్నాను. అమ్మ కౌంటరు చెక్క మీదున్న గీతల్ని చూస్తూ, "నువ్వు రెండోవోడివిరా," అంది.

తర్వాత ఆగలేదు. పొద్దున్నుంచి మూసుకున్న నోరు, పొద్దున్నుంచి కాదు, చాలా ఏళ్ళుగా మూసుకున్న నోరు. "మొదటోడు గొడవలప్పుడు పుట్టినాడు. మామ్మ బొడ్డు కోసింది ఆడికే. రెండున్నరేళ్ళు బతికినాడు. జొరమొచ్చి మూడు రోజుల్లో పోనాడు. అప్పటికి నువ్వు కడుపులో నాలుగో నెల. నువ్వు పుట్టీసరికి మీ మామ్మ ఆడి పేరే నీకెట్టింది. ఆడే తిరిగొచ్చినాడు, ఆడు పోనేదు, మద్దెలో ఎక్కడికో ఎల్లొచ్చినాడంతే, ఈ ఇంట్లో ఎవులూ ఆడు పోనాడని అనకండి, అంటే ఈడూ ఎలిపోతాడు అని నా సేత దీపం ముందర ఒట్టేయించింది. ఒయసు కూడా ఆడి కాడినుంచే నెక్కెట్టింది. మీ నాన్న మాత్రం ఉన్నదున్నట్టు రాయించినాడు."

"మరిన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"ఒట్టురా. మామ్మ పోనాక మాత్రం ఒట్టు ఎక్కడికి పోతాది? నోటిమాటకేటి, ఎన్నేళ్ళయినా అనుకోవొచ్చు. కాగితం మీద ముద్రేత్తే ఏరు. ఆడి పుట్టినరోజు నీ పేరు మీద ఎక్కితే ఆడి సావు కూడా నీ మీదికొచ్చేత్తాదని నా బయ్యం. అందికే సెప్పలేనన్నాను." అప్పుడు తలెత్తి చూసింది. "నీకు ముప్పై నాలుగేరా."

ఆవిడ ఏమంటోంది అని సయామ అడుగుతోంది.  పదిహేడేళ్ళప్పుడు నాకు పదిహేడేళ్ళే. ఆ మాట తెలుగులో అనుకున్నాను, బర్మా భాషలో అనుకున్నాను, జపాన్ భాషలో కూడా అనుకున్నాను. రాంబాబు చోటు నేనేం లాక్కోలేదు, ఇద్దరం ఒకే వయసు, ఆ రోజు నేను బాగా వేశాను, అతను చెప్పింది నిజమే. మొరితా వకై అన్నప్పుడు నేను చిన్నవాణ్ణే. నారింజ తోటల ఊళ్ళో నేర్చుకోవడానికి బోలెడంత సమయం ఉండింది, మేనేజరు టీ పోసి మరీ చెప్పాడు, నాకే తెలియలేదు. ఇరవై నాలుగేళ్ళప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళే. బియ్యపు మిల్లు ఆయన ఆగుతానన్నాడు. కొత్త చెయ్యి వచ్చేది. ఇరవై ఆరు, అప్పుడే పొద్దు పొడిచినట్టు అన్నాడు. నేను నాలుగేళ్ళకి నడవలేదు, ఏడాదికే నడిచాను. నేను నిదానమోణ్ణి కాదు. ఏడుపొచ్చింది. అనుకున్నదానికంటే మూడేళ్ళు చిన్నవాణ్ణని తెలిసి ఏడ్చే మనిషి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఒక పిల్లాణ్ణి పోగొట్టుకున్న ముసలిది రెండోవాడి నెత్తి మీద చెయ్యేసి అంత గట్టిగా నొక్కింది, ఎక్కడికీ పోడు అంటూ. ఆమె మీద కోపం ఎలా తెచ్చుకోను? అయినా వచ్చింది. మామ్మ మీదా వచ్చింది, అమ్మ మీదా వచ్చింది, చివరికి ఉన్నదే రాయించినాను అని చెప్పి ఇంకో మాట చెప్పని నాన్న మీదా వచ్చింది.

చొక్కా చేతికి మొహం తుడుచుకుని సయామకి సంగతి చెప్పాను, పొడిగా, ఆటలో పరుగులు చెప్పినట్టు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఓ, విన్‌జా," అంది. చనిపోయి అదే ఇంట్లో మళ్ళీ పుట్టినవాళ్ళని బర్మావాళ్ళు అలా అంటారు. "మా పెదనాన్న కొడుకూ అంతే, పోయిన అన్న పేరు పెట్టి పిలిస్తేనే పలికేవాడు." కలం మూత తీసింది. నా అర్జీ వైపు, అమ్మ వైపు, మళ్ళీ అర్జీ వైపు చూసింది. ఏ ఆఫీసులోనైనా రోజూ ఎంతమంది ముప్పై అయిదు దాటాలని వస్తారో ఆవిడకి తెలుసు. గొంతు తగ్గించి, "ఒకే మనిషి, రెండు పుట్టుకలు. తేదీ ఏది రాయమంటారో మీరే చెప్పండి. మీరు చెప్పింది రాస్తాను, అమేజీ సంతకం పెడుతుంది," అంది.

ఎనభై ఎనిమిది అంటే చాలు. ఇన్నేళ్ళూ చెప్పని అబద్ధం చెప్పానని కుమిలిపోయాను, ఇప్పుడు ఆ అబద్ధం నిజంగా చెప్పే అవకాశం వచ్చింది. నెలాఖరుకి అక్కడుంటాను. వల వెనక నిలబడి రోజుకి రెండు వందల బంతులు. అమ్మ చేతిలో కలం పెడితే భయపడుతూనైనా సంతకం పెడుతుంది, నా కోసం పెడుతుంది, నాకు తెలుసు. అమ్మని చూశాను. ఏడవడం లేదు. వింతగా, నడుము నిటారుగా పెట్టి కూర్చుంది, ఇంట్లో ఎప్పుడూ అలా కూర్చోదు. ఏ అబ్బాయి అని అడిగింది కదా ఇందాక, ఆ ప్రశ్న అడగడానికి ఆవిడకి ముప్పై అయిదేళ్ళు పట్టింది. నేను ఎనభై ఎనిమిదిలో పుడితే అమ్మకి ఒక్కడే కొడుకు. ఇద్దరుండాలంటే నేను తొంభై ఒకటిలో పుట్టాలి. లెక్క అంతే, దీన్ని ఎటు తిప్పినా ఇంకోలా రాదు.

"తొంభై ఒకటి," అన్నాను. "దిద్దడానికి ఏం లేదు సయామా. కాగితం కరెక్టే."

ఆవిడ అర్జీ మీద అడ్డంగా గీత కొట్టింది. నా పదిహేడేళ్ళూ ఆ గీత కింద పడ్డాయి, జపాన్ కూడా పడింది. వెనక పదహారో నంబరు మనిషి నా భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. "ఇంకో పేరు ఎక్కించాలి," అన్నాను. "మొదటి అబ్బాయిది. పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు మీ దగ్గర." అది వేరే ఫారం అని ఆవిడ సొరుగులు వెతికి, పసుపు రంగుది ఒకటి తీసి, దుమ్ము దులిపి కౌంటరు మీద పెట్టింది. అమ్మ కుర్చీని ముందుకి జరుపుకుంది.

"చనిపోయిన పిల్లవాడి పేరు?"

"లింగరాజు," అంది అమ్మ.

"ఏటమ్మా?" అన్నాను, అలవాటుకొద్దీ.

"నిన్ను కాదురా," అంది.